డేటా కేబుల్ తగిలించగానే రీడింగ్ మారుతోందా? ల్యాబ్ మీటర్లకు ఐసొలేటర్ పెట్టుకునే చిట్కాలు

హీటర్ రాడ్డు ఉన్న స్టీలు తొట్టెలో పీహెచ్ ప్రోబ్ వేలాడుతోంది. మీటర్ 7.9 చూపిస్తూ కదలకుండా ఉంది. లెక్కలు కంప్యూటర్లో దాచుకుందామని యూఎస్‌బీ కేబుల్ తగిలించగానే 7.6కి జారింది. పక్కన ఏరేటర్ వేస్తే ఇంకాస్త ఊగింది. ఇలాంటప్పుడు చాలామంది ముందు ఎలక్ట్రోడ్ మారుస్తారు, తర్వాత బఫర్ మారుస్తారు, ఆఖరికి సాఫ్ట్‌వేర్ను తిడతారు. తప్పు చాలాసార్లు కేబుల్లో ఉంటుంది. పాడైన కేబుల్ అని కాదు, బాగా పనిచేస్తున్న కేబుల్లోనే. డేటా తీగలతో పాటు అందులో ఒక గ్రౌండు తీగ, పైన షీల్డు ఉంటాయి. మీటరూ కంప్యూటరూ గోడలోని ఎర్త్ ద్వారా అప్పటికే కలిసి ఉంటే, ఈ తీగ వాటిని రెండోచోట కూడా కలిపేస్తుంది. ఆ చుట్టులో కరెంటు తిరగడం మొదలవుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు.

ఐసొలేటర్ పని ఆ రెండో కలయికను తెంచడం. గోడకు ఇవతల చెప్పిన మాట అవతల వినబడాలి, మనిషి మాత్రం గోడ దాటకూడదు. అలాగే డేటా దాటాలి, కరెంటు దాటకూడదు. లోపల కొన్నింటిలో చిన్న ఎల్ఈడీ, దాని వెలుగును పట్టే ట్రాన్సిస్టర్ ఉంటాయి. కొన్నింటిలో చిప్ మీదే చెక్కిన బుల్లి ట్రాన్స్‌ఫార్మర్, మరికొన్నింటిలో కెపాసిటర్ ఉంటాయి. కాలేజీ ల్యాబులు, భీమవరం చుట్టుపక్కల ఆక్వా ల్యాబులు, ఇంట్లో టేబుల్ మీద ఆర్డుయినోతో పరికరాలు చేసుకునే పిల్లలు, అందరికీ పనికొచ్చే జాగ్రత్తలే ఇవి.

1. కొనకముందు ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. పైసా ఖర్చులేని పరీక్ష ఇది. మీటర్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉంచి, ఛార్జర్, ల్యాన్ కేబుల్, ప్రింటర్, బయటి మానిటర్ అన్నీ తీసేయండి. బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌కు గోడతో సంబంధం తెగిపోతుంది. రీడింగ్ అప్పుడు కుదుటపడితే జబ్బు దొరికినట్టే, ఐసొలేటర్ పనిచేస్తుంది. అప్పుడూ ఊగుతూనే ఉంటే ఐసొలేటర్ పెట్టాక కూడా ఊగుతూనే ఉంటుంది. ఎండిపోయిన ఎలక్ట్రోడ్, ప్రోబ్ కనెక్టర్లో చేరిన తడి, లోపల తెగిన షీల్డు, వీటిని వెతకండి. డెస్క్‌టాప్ వాడేవాళ్లు ఎవరి ల్యాప్‌టాప్ అయినా కాసేపు అడిగి తెచ్చుకోవడం మేలు.

2. మీటరూ కంప్యూటరూ ఒకే బోర్డుకు పెట్టి చూడండి. మీటర్ ఈ గోడకు, కంప్యూటర్ ఆ గోడకు, హీటర్ బయటి వరండాలోంచి లాగిన వైరుకు ఉంటే మూడింటి ఎర్త్‌లూ ఎక్కడో దూరాన కలుస్తాయి. మధ్యలో తీగ పొడవునా చిన్న చిన్న వోల్టేజీ తేడాలు వస్తాయి. అర వోల్టు తేడా ఎంతలే అనిపిస్తుంది గానీ, డేటా కేబుల్ గ్రౌండు తీగ నిరోధం ఒక ఓమ్‌లోపే ఉంటుంది కాబట్టి వందల మిల్లీ ఆంపియర్లు పారడానికి ఆ అర వోల్టు చాలు. మంచి ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి మీటరూ కంప్యూటరూ నడిపితే ఈ తేడా బాగా తగ్గుతుంది. కొన్ని చోట్ల దీంతోనే పని అయిపోతుంది. హీటర్లు, మోటార్ల లాంటి ఎక్కువ కరెంటు లాగేవాటిని మాత్రం ఆ బాక్సుకు పెట్టకండి.

3. గోడలో ఎర్త్ నిజంగా ఉందో లేదో తేల్చుకోండి. మూడు కన్నాల సాకెట్‌కు ఎదురుగా నిలబడితే పైన పెద్దది ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్ ఉండాలి. మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద పెట్టి చూస్తే ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు 230 రావాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. అక్కడ పదులూ వందలూ వస్తున్నాయంటే ఎర్త్ తీగ ఎక్కడో ఊడింది, లేదా అసలు వేయలేదు. పాత ఇళ్లలో మూడో కన్నం అలంకారానికే ఉంటుంది. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోయి రీడింగ్ పెరిగినా ఆశ్చర్యం లేదు, నీళ్లు పోసి మళ్లీ చూడండి. ఎర్త్ లేని చోట ఐసొలేటర్ పెట్టడం కన్నా ఎలక్ట్రీషియన్‌ను పిలవడం ముందు పని. సాకెట్లో లీడ్లు పెట్టడం అలవాటు లేనివాళ్లు ఈ కొలత కూడా ఆయనతోనే తీయించండి.

4. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొట్టకండి. గ్రౌండ్ లూప్‌కు ఊళ్లలో చెప్పే మందు ఇదే. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్లో దూర్చినా అదే పని. రీడింగ్ బాగుపడుతుంది, అందుకే ఆ మందు ఇంకా బతికుంది. కానీ ఆ తర్వాత మీటర్ లోపల ఫేజు తీగ ఒళ్లు కాలి లోహపు డబ్బాకు తగిలిందనుకోండి, ఫ్యూజు పోదు, ఎమ్‌సీబీ పడదు. తడిచేత్తో బీకరు పట్టుకున్నవాళ్ల మీద పడుతుంది. తెంచాల్సింది డేటా కేబుల్లోని గ్రౌండును, పవర్ ప్లగ్గులోని ఎర్త్‌ను కాదు.

5. పీహెచ్ మీటర్ సంగతి విడిగా తెలుసుకోండి, ఎందుకంటే అన్నింటికన్నా ముందు అలిగేది అదే. గాజు ఎలక్ట్రోడ్ నిరోధం పదుల నుంచి వందల మెగా ఓములు ఉంటుంది. దాని జత అయిన రెఫరెన్స్ ఎలక్ట్రోడ్ మాత్రం సన్నటి పింగాణీ రంధ్రం ద్వారా నీటిని తాకుతూ కొన్ని కిలో ఓముల్లోనే ఉంటుంది. మామూలు మీటర్లలో సర్క్యూట్ గ్రౌండు ఈ రెఫరెన్స్‌కే కలిపి ఉంటుంది. మీటర్ ఒంటరిగా ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. యూఎస్‌బీ తగిలిస్తే రెఫరెన్స్ కంప్యూటర్ ద్వారా ఎర్త్‌కు చేరుతుంది. తొట్టెలోని నీళ్లు స్టీలు గోడల ద్వారానో హీటర్ రాడ్డు ద్వారానో అప్పటికే ఎర్త్‌లో ఉంటాయి. ఉప్పునీళ్లలో స్టీలూ, ఎలక్ట్రోడ్‌లోని వెండీ అలా కలిస్తే అదే ఒక బ్యాటరీ. రెఫరెన్స్ గుండా కరెంటు పారుతుంది.

లెక్క చూడండి. 5 కిలో ఓముల్లో ఒకే ఒక్క మైక్రో ఆంపియర్ పారినా 5 మిల్లీవోల్టులు తప్పు వస్తుంది. 25 డిగ్రీల దగ్గర ఒక పీహెచ్ తేడా అంటే 59 మిల్లీవోల్టులు. అంటే ఆ ఒక్క మైక్రో ఆంపియర్‌తో రీడింగ్ 0.08 పక్కకు పోతుంది. నాలుగు మైక్రో ఆంపియర్లయితే 0.3 పైనే. రొయ్యల చెరువు నీళ్లకు పొద్దునా సాయంత్రం పీహెచ్ తేడా చూసి నిర్ణయాలు తీసుకునే చోట ఇది చిన్న తప్పు కాదు. పైగా రోజులతరబడి అలా కరెంటు పారితే రెఫరెన్స్ ఎలక్ట్రోడ్ కూడా పాడవుతుంది. అనుమానం తీర్చుకోవాలంటే అదే నీళ్లు గాజు బీకర్లో తీసుకుని, బీకర్లో ప్రోబ్ తప్ప ఇంకేమీ లేకుండా చూడండి. యూఎస్‌బీ ఉన్నా రీడింగ్ సరిగ్గా వస్తే దారి తొట్టె ద్వారానే ఉంది.

6. ఒకే నీళ్లలో రెండు మీటర్ల ప్రోబ్‌లు ముంచేవాళ్లు రెండింటికీ చెరో ఐసొలేటర్ పెట్టాలి. పీహెచ్ ఒక మీటర్లో, కండక్టివిటీ ఇంకో మీటర్లో, రెండూ ఒకే కంప్యూటర్‌కు తగిలించి ఉంటే, కండక్టివిటీ ప్రోబ్ నీళ్లలోకి పంపే కరెంటు పీహెచ్ ప్రోబ్ ద్వారా తిరిగొస్తుంది. ఇక్కడ ఎక్కువమంది చేసే పని ఒక ఐసొలేటర్ కొని, దాని తర్వాత యూఎస్‌బీ హబ్ పెట్టి, మీటర్లన్నింటినీ హబ్‌కు తగిలించడం. అప్పుడు మీటర్లు కంప్యూటర్ నుంచి విడిపోతాయి, తమలో తాము మాత్రం హబ్ గ్రౌండు ద్వారా కలిసే ఉంటాయి. తక్కెడ, సెంట్రిఫ్యూజ్ లాంటి నీళ్లతో సంబంధం లేనివాటికి హబ్ పద్ధతి ఫర్వాలేదు. ఒకే బీకర్లో మునిగేవాటికి కుదరదు.

7. వేగం చూసి కొనండి. యూఎస్‌బీలో 1.5, 12, 480 మెగాబిట్ల మెట్లు ఉన్నాయి. మార్కెట్లో చవగ్గా దొరికే ఐసొలేటర్లు ఎక్కువగా 12 దగ్గర ఆగిపోతాయి. పీహెచ్ మీటర్, తక్కెడ, టెంపరేచర్ లాగర్, ఆర్డుయినో, యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్లకు 12 ధారాళంగా సరిపోతుంది. మైక్రోస్కోపు కెమెరా, లాజిక్ ఎనలైజర్, యూఎస్‌బీ స్కోప్ లాంటివి 480 మీద బతికేవి. వాటిని 12 మీద పెడితే కొన్ని నత్తనడక నడుస్తాయి, కొన్ని అసలు బొమ్మే చూపించవు. వాటికి 480 అని స్పష్టంగా రాసి ఉన్న ఐసొలేటరే కావాలి, దాని ధర కూడా అలాగే ఉంటుంది.

8. చిప్ పేరు చదవండి, పక్కనున్న నల్లడబ్బా పేరూ చదవండి. ఎలక్ట్రికల్ షాపులో ఉత్తినే ఐసొలేటర్ అంటే ఎమ్‌సీబీ బాక్సులో బిగించే స్విచ్ ఇస్తారు కాబట్టి, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో యూఎస్‌బీ ఐసొలేటర్ మాడ్యూల్ అని అడగండి. చవక మాడ్యూళ్ల మీద అనలాగ్ డివైసెస్ వాళ్ల ఏడీయూఎమ్ 3160 గానీ 4160 గానీ ఉంటుంది. రెండింటి వేగమూ 12 మెగాబిట్లే. 3160 ఒక నిమిషం పాటు 2500 వోల్టుల పరీక్షకు, 4160 అయితే 5000 వోల్టుల పరీక్షకు నిలబడతాయి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఐఎస్ఓయూఎస్‌బీ 211 అయితే 480 వేగానికి పనికొస్తుంది.

అయితే చిప్ ఒక్కటే గోడ కాదు. అవతలివైపు చిప్‌కు కరెంటు అందించడానికి మాడ్యూల్ మీద బీ 0505ఎస్ అనే చిన్న నల్లటి డబ్బా ఉంటుంది. 5 వోల్టులు తీసుకుని, తెగదెంపులు చేసి, అవతల మళ్లీ 5 వోల్టులు ఇస్తుంది. దీని పరీక్ష చాలావాటికి 1000 లేదా 1500 వోల్టుల డీసీ దగ్గరే ఆగిపోతుంది. అంటే 5000 అని అట్టపెట్టె మీద రాసినా, గోడ ఎత్తు ఈ డబ్బా ఎత్తే. మాడ్యూల్‌ను తిప్పి అడుగున చూడండి. చిప్ కిందా డబ్బా కిందా రాగి లేని ఖాళీ పట్టీ ఈ చివర నుంచి ఆ చివరకు స్పష్టంగా కనబడాలి. మంచివాటిలో అక్కడ బోర్డునే కోసి సందు వదులుతారు. ఆ పట్టీ మీదుగా ఏదైనా రాగి గీత దాటుతుంటే తీసుకోకండి.

9. కిలోవోల్టుల అంకె చూసి మురిసిపోకండి. అది ఒక నిమిషం తట్టుకునే పరీక్ష, రోజూ ఆ వోల్టేజీ మీద వాడుకోమని కాదు. ఏళ్లతరబడి ఎంత తేడా భరించగలదో వర్కింగ్ వోల్టేజీ అని విడిగా రాస్తారు, అది చాలా తక్కువ. మన గ్రౌండ్ లూప్‌లో తేడా మామూలుగా కొద్ది వోల్టులే కనుక రీడింగ్ బాగుచేయడానికి 1000 వోల్టుల మాడ్యూల్ కూడా చాలు.

10. కరెంటు చాలుతుందా లెక్కేసుకోండి. కంప్యూటర్ యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్ల దాకా ఇవ్వగలదు. ఒక వాట్ నల్లడబ్బా దాటించేది అందులో 200 మాత్రమే. సొంత అడాప్టర్ ఉన్న మీటర్లకు ఇది ఎక్కువే. యూఎస్‌బీ నుంచే అంతకన్నా ఎక్కువ కరెంటు పీల్చే పరికరాలు మాత్రం ఆన్ కాగానే మూర్ఛపోతాయి, లేదా పదే పదే కనెక్ట్ అవుతూ తెగుతూ టింగ్ టింగ్ అని మోగిస్తుంటాయి. అలాంటప్పుడు అవతలివైపు కరెంటు విడిగా ఇచ్చే వీలున్న ఐసొలేటర్ తీసుకోండి. ఆ విడి కరెంటుకు పవర్ బ్యాంకు చక్కగా సరిపోతుంది, గోడతో సంబంధం ఉండదు. కొన్ని పవర్ బ్యాంకులు తక్కువ కరెంటు లాగితే వాటంతటవే ఆగిపోతాయి, రాత్రంతా లాగింగ్ పెట్టేవాళ్లు ముందుగా ఓసారి చూసుకోవాలి. పవర్ బ్యాంకును కంప్యూటర్‌కే ఛార్జింగ్ పెట్టి వాడితే మాత్రం చేసిన పనంతా వృథా.

11. స్పీడు స్విచ్ సరిచేయండి. కొన్ని మాడ్యూళ్లకు పక్కన చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు లో, ఇంకోవైపు ఫుల్. లో అంటే 1.5, పాత కీబోర్డులూ మౌసులకు. మీటర్లకు దాదాపు ఎప్పుడూ ఫుల్. తప్పువైపు ఉంటే కంప్యూటర్ పరికరాన్ని గుర్తించదు, మాడ్యూల్ పాడైందని తిరిగిచ్చేసేవాళ్లు కూడా ఉన్నారు.

12. ఆర్ఎస్-232 మీటర్లకు ఎన్ని తీగలు దాటాలో చూసుకోండి. తొమ్మిది పిన్నుల పాత పోర్టు ల్యాబుల్లో ఇంకా రాజ్యమేలుతోంది, తక్కెడల వెనక మరీ. మామూలుగా 2, 3 డేటా పిన్నులు, 5 గ్రౌండు. చవక ఐసొలేటర్లు ఈ మూడింటినే పట్టించుకుంటాయి. మీ పరికరం 7, 8 పిన్నుల మీద నేను సిద్ధం, నువ్వు పంపు అని కబురు పెట్టుకునే రకమైతే, డేటా సగంలో ఆగిపోతుంది. మీటర్ సెట్టింగుల్లో హ్యాండ్‌షేక్ తీసేయండి, లేదా ఆ పిన్నులను కూడా దాటించే ఐసొలేటర్ కొనండి. ఇంకో చిక్కు ఏమిటంటే, అడాప్టర్ లేకుండా పనిచేసే ఐసొలేటర్లు తమకు కావాల్సిన కరెంటును 4, 7 పిన్నుల నుంచే లాక్కుంటాయి. సాఫ్ట్‌వేర్ ఆ పిన్నులను పైకి ఎత్తి ఉంచకపోతే ఐసొలేటర్ నిద్రపోతుంది. కొత్తగా కొనేవాళ్లయితే లోపలే ఐసొలేషన్ ఉన్న యూఎస్‌బీ-సీరియల్ కన్వర్టర్ ఒకటి తీసుకుంటే ఈ గొడవ సగం తప్పుతుంది.

13. ఆర్ఎస్-485 మీద నడిచే ఆక్సిజన్ ప్రోబ్‌లు, కంట్రోలర్లకు తీగ పొడవుగా ఉంటుంది కనుక ఐసొలేషన్ తప్పనిసరి అనుకోండి. ఈ పద్ధతిలో డేటా తీగల వోల్టేజీ, అందుకునే చివరి గ్రౌండుతో పోల్చితే, మైనస్ 7 నుంచి ప్లస్ 12 వోల్టుల లోపే ఉండాలి. చెరువు గట్టు మీద పెట్టెకూ, షెడ్డులోని కంప్యూటర్‌కూ మధ్య మోటారు ఆన్ అయిన క్షణంలో గ్రౌండు తేడా అంతకన్నా ఎక్కువ కావచ్చు. ఐసొలేటెడ్ కన్వర్టర్ పెట్టి, రెండు చివర్లా 120 ఓముల రెసిస్టర్ ఉందో లేదో చూసుకోండి.

14. ల్యాన్ పోర్టుకు ఐసొలేటర్ కొనేముందు కేబుల్ చూడండి. ఈథర్నెట్ పోర్టుల్లో పుట్టుకతోనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, 1500 వోల్టుల పరీక్షకు నిలబడేలా. అంటే ఐసొలేషన్ అప్పటికే ఉంది. దాన్ని చెడగొట్టేది లోహపు తొడుగు ఉన్న షీల్డెడ్ కేబుల్. రెండువైపులా లోహపు కనెక్టర్ల ద్వారా డబ్బాలను కలిపేస్తుంది. షీల్డు లేని మామూలు ప్లాస్టిక్ కనెక్టర్ కేబుల్ మార్చి చూడండి.

15. దూరం ఎక్కువైతే రాగితో కుస్తీ మానేసి ఫైబర్ వేయండి. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కు డేటా వెళ్లాలంటే రెండు మీడియా కన్వర్టర్లు, మధ్యలో గాజు తీగ. లోహపు బలం తీగ లేని ఫైబర్ అడగండి. సొంతంగా పరికరం చేసుకునేవాళ్లు ఈఎస్పీ 32 వాడి వైఫైలో పంపి, పరికరాన్ని బ్యాటరీ మీద నడిపితే ఐసొలేటర్ అవసరమే రాదు. ఇంటి మట్టుకు నా ఓటు దీనికే.

16. దొంగదారులు వెతకండి. ఐసొలేటర్ పెట్టాక కూడా రీడింగ్ ఊగుతోందంటే పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇంకో తీగ ఎక్కడో గోడ దాటుతోంది. మీటర్ వెనక ప్రింటర్ కేబుల్, ట్రిగ్గర్ కోసం వేసిన బీఎన్‌సీ కేబుల్, రెండింటినీ ఒకే స్టీలు ర్యాకుకు బిగించిన స్క్రూలు, ఒకదాని మీద ఒకటి పేర్చిన లోహపు డబ్బాలు. ఒక్కొక్కటే తీస్తూ రీడింగ్ చూడండి. ఏది తీస్తే కుదురుకుందో దానికి కూడా ఐసొలేషన్ కావాలి. వందమీటర్ల కోట గోడకు ఒక్క తలుపు తెరిచి ఉంటే చాలు కదా అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం, అందుకే ఓపిక కావాలి.

17. బిగించేటప్పుడు రెండు వైపులనూ దూరంగా ఉంచండి. కంప్యూటర్‌వైపు కేబుల్, మీటర్‌వైపు కేబుల్ కలిపి జిప్ టైతో కట్టేస్తే హెచ్చు ఫ్రీక్వెన్సీ గోల తీగల పక్కనుంచే దూకుతుంది. ఐసొలేటర్‌ను ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, ఒకవైపు పీసీ, ఇంకోవైపు మీటర్ అని స్టిక్కర్ అంటించండి. లేకపోతే ఎవరో ఒకరు తిప్పి పెట్టేస్తారు. మీటర్‌వైపు కేబుల్ పొట్టిగా ఉండాలి, పవర్ వైర్ల మీదుగా పోకూడదు. ఐసొలేటర్లు సిగ్నల్‌ను కొంత ఆలస్యం చేస్తాయి కనుక యూఎస్‌బీకి చెప్పే 5 మీటర్ల హద్దు దాకా లాగకుండా తక్కువలో సరిపెట్టండి. కేబుల్ మీద ఉబ్బెత్తుగా కనిపించే ఫెర్రైట్ గుండు మంచిదే గానీ, 50 హెర్ట్జ్ గోలను అది ఏమీ చేయలేదు.

18. వాడకముందు మల్టీమీటర్‌తో గోడ ఉందో లేదో చూడండి. ఐసొలేటర్‌ను దేనికీ తగిలించకుండా చేతిలో పట్టుకుని, మల్టీమీటర్‌ను ఓముల మీద పెట్టండి. ఇటు యూఎస్‌బీ లోహపు తొడుగు నుంచి అటు తొడుగుకు, ఇటు గ్రౌండు పిన్ను నుంచి అటు గ్రౌండు పిన్నుకు, ఇటు 5 వోల్టుల పిన్ను నుంచి అటు పిన్నుకు. మూడుచోట్లా ఓఎల్, అంటే దారి తెగి ఉందన్న గుర్తు, రావాలి. తొడుగుల మధ్య మెగా ఓముల్లో ఏదైనా చూపిస్తే, స్టాటిక్ పోవడానికి కావాలని పెట్టిన రెసిస్టర్ అయ్యుండొచ్చు, రీడింగుకు దానివల్ల హాని లేదు. సున్నా గానీ నాలుగైదు ఓములు గానీ చూపిస్తే మాత్రం ఆ తొడుగులు లోపల కలిసే ఉన్నాయి, దాన్ని వెనక్కి ఇచ్చేయండి. చవక సరుకులో ఇది కనబడుతుంటుంది, చిప్పులు అసలువే, డబ్బా తొడుగుతో గోడ కూలిపోయి ఉంటుంది. ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ పెట్టి తిప్పాలన్న ఉత్సాహం వద్దు, మాడ్యూల్ మీదున్న మిగతా భాగాలు పోతాయి.

19. తగిలించే వరస పాటించండి. ముందు ఐసొలేటర్‌ను కంప్యూటర్‌కు, అవతలి కరెంటు విడిగా ఉంటే దాన్ని ఆన్ చేసి, ఆఖరున మీటర్. విండోస్‌లో కామ్ పోర్టు నంబరు మారి ఉండొచ్చు, డివైస్ మేనేజర్లో చూసి సాఫ్ట్‌వేర్లో మార్చండి. కరెంటు ఆదా కోసం యూఎస్‌బీ పోర్టులను నిద్రపుచ్చే ఆప్షన్ తీసేయండి, లేకపోతే తెల్లారేసరికి లాగింగ్ మధ్యలో తెగి ఉంటుంది. ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కన్వర్టర్‌తో రీడింగులు ఆగి ఆగి వస్తుంటే, దాని లేటెన్సీ టైమర్ మామూలుగా 16 మిల్లీసెకన్ల మీద ఉంటుంది, దాన్ని తగ్గించి చూడండి. అది ఐసొలేటర్ తప్పు కాదు.

20. పెట్టాక పోల్చి రాసుకోండి. ఒకే బఫర్లో యూఎస్‌బీ లేకుండా ఒక రీడింగ్, ఐసొలేటర్‌తో ఒకటి, హీటరూ ఏరేటరూ వేసి ఒకటి. మూడూ మీటర్ కచ్చితత్వం హద్దుల్లో కలవాలి. మందుల కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లో పనిచేసేవాళ్లు సొంత నిర్ణయంతో ఐసొలేటర్ పెట్టకండి. పరికరం దారిలో కొత్త వస్తువు వచ్చినట్టు లెక్క, మార్పు కాగితాలు రాయించి, లాగ్ పుస్తకంలో ఎక్కించి, మళ్లీ సరిచూడాలి.

21. ఒంటికి తగిలించే సెన్సర్లకు ఈ మాడ్యూళ్లను నమ్మకండి. ఇంజినీరింగ్ ప్రాజెక్టుల్లో ఏడీ 8232 బోర్డుతో ఈసీజీ తీయడం మామూలైపోయింది. ఛాతీకి ప్యాడ్లు అంటించి, బోర్డును ఛార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్‌కు కలిపేస్తారు. వైద్య పరికరాల ప్రమాణం ఐఈసీ 60601 గుండెకు నేరుగా తగిలే పరికరాలకు మామూలు స్థితిలో అనుమతించే లీకేజీ 10 మైక్రో ఆంపియర్లు మాత్రమే. వందల రూపాయల మాడ్యూల్ ఆ హామీ ఇవ్వదు. ఛార్జర్ తీసేసి, బ్యాటరీ మీదే, ఇంకే కేబులూ లేకుండా చేయండి.

22. యూఎస్‌బీ స్కోప్‌కు ఐసొలేటర్ పెట్టి గోడ కరెంటు కొలవకండి. స్కోప్ మొత్తం గాల్లో తేలుతుంది కనుక ప్రోబ్ మొసలి క్లిప్పును ఫేజుకు తగిలించినా ఫ్యూజు పోదు. పోకపోవడమే ప్రమాదం, స్కోప్ లోహపు కనెక్టర్లన్నీ 230 వోల్టుల మీద కూర్చుంటాయి. దానికి డిఫరెన్షియల్ ప్రోబ్ అని వేరే ఉంది. గోడ ప్లగ్గుతో నడిచే పెద్ద స్కోప్‌కు డేటా పోర్టులో ఐసొలేటర్ పెట్టినా, క్లిప్పు మాత్రం పవర్ వైరు ద్వారా ఎర్త్‌కే కట్టి ఉంటుందని గుర్తుంచుకోండి.

23. సముద్రం దగ్గరివాళ్లు ఆర్నెల్లకోసారి పెట్టె తెరవాలి. కాకినాడ, నరసాపురం వైపు గాలిలో ఉప్పు ఉంటుంది, ఆక్వా ల్యాబులో చేతులకూ ఉంటుంది. బోర్డు మీది ఖాళీ పట్టీ మీద తెల్లటి పొర చేరితే తేమకు అదే తీగ అవుతుంది. అన్నీ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ తడిపి రుద్ది, ఆరనిచ్చి, 18లో చెప్పిన కొలతలు మళ్లీ తీయండి.

24. ఉరుములప్పుడు ఐసొలేటర్ మీద భారం వేయకండి. పిడుగు పడితే వచ్చే పోటు కిలోవోల్టుల గోడను లెక్కచేయదు. ఇంటి కరెంటు బోర్డులో సర్జ్ ప్రొటెక్టర్ వేరే ఉండాలి. మే, జూన్ నెలల్లో సాయంత్రం ఆకాశం నల్లబడితే పవర్ ప్లగ్గూ డేటా కేబులూ రెండూ తీసి, కేబుల్ కొసను టేబుల్ మీద పరికరాలకు దూరంగా పెట్టండి.